ముందు వాట్సాప్, తరువాత వైద్యుడు

తెల్లవారి అయిదు గంటలకు మా పెద్ద బావగారు నిద్ర లేస్తారు. అయిదూ పదికి మేమందరం లేస్తాము. ఆయన కాపురం ఏలూరులో, మాది రాజమండ్రిలో. అయినా ఆయన లేచిన తరువాత మేము పడుకోవడమన్నది కల్ల. తలగడ పక్కన పెట్టుకున్న సెల్‌ఫోను టింగుమంటుంది. మొదట ఉదయిస్తున్న సూర్యుడి బొమ్మ మీద 'శుభోదయం'. దాని వెనకాలే, పరగడుపున మెంతుల నీళ్ళు తాగితే కలిగే పదకొండు లాభాలు. దాని వెనకాలే, మోకాళ్ళ నొప్పుల్ని నాలుగు రోజుల్లో మాయం చేసే ఆకు బొమ్మ. చిట్టచివర, ఈ సంగతి మరో పదిమందికి తెలియజేసి పుణ్యం కట్టుకొమ్మని ఒక హెచ్చరిక. ఆ పదిమందీ మేమే.

మా కుటుంబం గ్రూపులో నలభై ముగ్గురం ఉన్నాము. మీ ఇంట్లో కూడా ఇల్లాంటి గ్రూపు ఒకటి ఉండే ఉంటుంది. లేదంటే మీరు అదృష్టవంతులో, మిమ్మల్ని అందులో చేర్చకుండా మీవాళ్ళు ఒకటి నడుపుతున్నారో, రెండిట్లో ఒకటి.

ఆ నలభై ముగ్గురినీ కాస్త పరిశీలించి చూస్తే సరదాగా ఉంటుంది. మా తమ్ముడొకడున్నాడు. ఏది వచ్చినా 'దీనికి ఆధారమేమిటి?' అని అడుగుతాడు. వాడికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. మా చిన్న మరదలు ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, థర్మామీటరు ఫొటో తీసి పెడుతుంది. వెంటనే పద్ధెనిమిది మంది పద్ధెనిమిది మందులు చెబుతారు. ఆవిడ అన్నీ శ్రద్ధగా చదివి, ఏదీ వేసుకోకుండా, తెల్లవారేసరికి లేచి తిరుగుతూ ఉంటుంది. మా బాబాయిగారు ఎవరేం పెట్టినా 'సూపర్' అంటారు. ఒకసారి చావు కబురుకు కూడా అన్నారు. పాపం, కళ్ళజోడు పెట్టుకోలేదు.

ఇక కాకినాడ అత్తయ్య. మా నాన్నగారి చెల్లెలు. మామయ్యగారు పోయిన తరువాత ఒంటరిగా ఉంటున్నది. కొడుకు అమెరికాలో, హ్యూస్టన్‌లో. అత్తయ్య గ్రూపులో ఒక్క మాటయినా రాయదు. రోజూ ఉదయం తన పెరట్లో పూసిన పువ్వు ఒకటి ఫొటో తీసి పెడుతుంది. మందారం, నందివర్ధనం, ఒక్కొక్క రోజు గుప్పెడు మల్లెలు. అంతే. మేము చేతులు జోడించిన బొమ్మ ఒకటి తగిలించి పనులలో పడిపోతాము.

ఈ సెల్‌ఫోను వచ్చి మనుషుల్ని మార్చివేసిందని చాలామంది వాపోతూ ఉంటారు. నాకు అల్లా తోచదు. ఉన్న మనిషినే అది మరికాస్త పెద్దగా చేసి చూపిస్తున్నది. మా బావగారు ఫోను లేని రోజుల్లో కూడా ఇంతే. చుట్టాల్లో ఎవరికైనా జ్వరమని తెలిస్తే శొంఠి పొట్లం జేబులో వేసుకొని బస్సెక్కేవారు. ఇప్పుడు బస్సు అక్కరలేకుండా పోయింది గనుక శొంఠి నలభై ముగ్గురికీ ఒకేసారి చేరుతున్నది.

మనుషుల స్వభావాలకు లెక్కలు కట్టడం మనకు కొత్తేమీ కాదు. ఆయుర్వేదం వాత పిత్త కఫ ప్రకృతులన్నది. గ్రీకులు శరీరంలోని నాలుగు రసాల పేరు చెప్పి నాలుగు రకాల మనుషులన్నారు. నేటి మనస్తత్వ శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది స్వభావాన్ని అయిదు కొలతలతో కొలుస్తారు. కొత్తదనం మీద ఆసక్తి, పనిలో శ్రద్ధ, నలుగురిలో కలుపుగోలుతనం, ఎదుటివారిపట్ల సౌమ్యత, అయినదానికీ కానిదానికీ ఆందోళన పడే గుణం. ఈ అయిదూ అందరిలోనూ ఉంటాయి. పాళ్ళు మాత్రం వేరు. సాంబారులో చింతపండూ, ఉప్పూ, కారం అన్ని ఇళ్ళలోనూ పడతాయి గదా, అయినా ఏ ఇద్దరిళ్ళ సాంబారూ ఒకటి కాదు.

ఈ గుణాలకూ ఆరోగ్యానికీ సంబంధం ఉన్నదా అంటే, ఉన్నది. అమెరికాలోని కాలిఫోర్నియాలో టెర్మన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1921లో సుమారు 1500 మంది తెలివైన పిల్లలను ఎంచుకొని, వాళ్ళ జీవితాల వివరాలు సేకరించడం మొదలుపెట్టాడు. ఆయన పోయినా ఆ పని ఆగలేదు. 1993లో ఫ్రీడ్‌మన్ అనే మరో పండితుడూ, ఆయన సహచరులూ ఆ లెక్కలు తిరగవేసి, చిన్ననాడు ఎల్లాంటివాళ్ళు ఎక్కువ కాలం బతికారో చూశారు. ఒప్పుకున్న పనిని శ్రద్ధగా చేసే పిల్లలు, ముందువెనుకలు చూసుకొనే పిల్లలు సగటున ఎక్కువ కాలం బతికారు. ఎప్పుడూ నవ్వుతూ తుళ్ళుతూ ఉన్నవాళ్ళకు ఆ అదృష్టం పట్టలేదు. అంతా మంచే జరుగుతుందిలే అనుకొనేవాడు మాత్ర వేసుకోవడం మరచిపోతాడు కాబోలు. ఇది నా ఊహ మాత్రమే.

మరి ఫోనులో మనం చేసే పనులనుబట్టి మన స్వభావం కనిపెట్టవచ్చునా? దీని మీద కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనలు 2013లోనూ, 2015లోనూ వెలువడ్డాయి. రెండవది మరీ చిత్రమైనది. ఫేస్‌బుక్కులో మనకు నచ్చినదాని మీద 'లైకు' కొడతాము గదా. 86 వేల మందికి పైగా తమంతట తాము ఆ లైకుల చిట్టాను పరిశోధకుల చేతిలో పెట్టి, స్వభావానికి సంబంధించిన ప్రశ్నలకు కూడా జవాబులిచ్చారు. ఆ లైకులు చూసి మనిషి ఎల్లాంటివాడో చెప్పమని కంప్యూటరును అడిగారు. పది లైకులు చూస్తే అది ఆఫీసులో తోటి ఉద్యోగికంటే బాగా చెప్పింది. డెబ్భై చూస్తే స్నేహితుడికంటే, నూట యాభై చూస్తే ఇంట్లోవాళ్ళకంటే బాగా చెప్పింది. కట్టుకున్న భార్యనో భర్తనో మించడానికి మాత్రం సుమారు మూడువందలు కావలసివచ్చాయి. ఈ సంగతి మా ఆవిడకు చదివి వినిపిస్తే, 'మూడువందలెందుకు, నన్నడిగితే మూడు ముక్కల్లో చెబుతాను' అన్నది. ఆ మూడు ముక్కలేమిటని నేను అడగలేదు.

ఇంతవరకు వినోదంగానే ఉన్నది. ఒళ్ళు బాగుండని రోజున సంగతి వేరు.

రెండేళ్ళ కిందట ఒక రాత్రి అక్కయ్య ఫోను చేసింది. బావగారు స్నానాల గదిలో తూలి పడిపోయారన్నది. మేము కారు మాట్లాడుకొని ఏలూరు చేరేసరికి ఆయన ఒక ఆస్పత్రి మంచం మీద ఉన్నారు. రక్తపోటు 190 మీద 110. ఆయనకు బీ.పీ. ఉన్నదని పదేళ్ళుగా అందరికీ తెలుసు. రోజూ మాత్ర వేసుకుంటున్నారని కూడా అందరం అనుకుంటున్నాము. మర్నాడు అక్కయ్య బీరువా వెతికితే, మాత్రలు విప్పని అట్టలు మూడు బయటపడ్డాయి. బీ.పీ. మాత్రలు మూత్రపిండాలను పాడుచేస్తాయనీ, వాటికి బదులు వెల్లుల్లీ మునగాకూ నూరి తీసుకుంటే చాలుననీ ఎవరో పంపిన ముక్క ఒకటి ఆయన నమ్మారు. నమ్మి మానేశారు. పైగా తాను నమ్మినదాన్ని మాకూ పంపారు. నేను దానికి చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. ఆ బొమ్మ ఇప్పటికీ గ్రూపులో ఉన్నది.

రక్తపోటుతో వచ్చిన చిక్కే ఇది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. మాత్ర వేసుకున్నా ఒకటే, మానినా ఒకటే అన్నట్లుంటుంది చాలా రోజులు. మునగాకు మంచి కూరే. వెల్లుల్లి లేనిదే పచ్చడే లేదు. కాని డాక్టరు రాసిన మాత్ర తీసి అవతల పెట్టి, దాని స్థానంలో వీటిని కూర్చోబెట్టడం వేరు. ఇక మూత్రపిండాల మాట అంటారా, వాటిని పాడుచేసేది అదుపు తప్పిన రక్తపోటే.

అబద్ధానికి కాళ్ళుండవని మనం అంటాము గాని, ఫోనులో దానికి రెక్కలే ఉన్నాయి. 2018లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు 2006 నుంచి 2017 దాకా ట్విట్టరులో తిరిగిన సుమారు 1,26,000 వార్తలను పరీక్షించారు. సత్యమైన వార్త 1500 మందికి చేరడానికి, అసత్యానికి పట్టిన కాలానికి సుమారు ఆరు రెట్లు పట్టింది. దానికి కారణం యంత్రాలు కాదు, మనుషులేనని తేల్చారు. అబద్ధంలో కొత్తదనం ఎక్కువ. వినగానే 'ఆఁ!' అనిపిస్తుంది. అనిపించినదాన్ని పక్కవాడికి చెప్పకుండా ఉండలేము.

మన దగ్గర జరిగినవే రెండు చెబుతాను. 2020 ఏప్రిల్‌లో, కరోనా భయం ముదిరిన రోజుల్లో, చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో పదిమందికి పైగా ఉమ్మెత్త గింజల రసం తాగి ఆస్పత్రి పాలయ్యారు. ఉమ్మెత్తకాయ ముళ్ళతో గుండ్రంగా ఉంటుంది. పత్రికల్లో వేసే కరోనా పురుగు బొమ్మ కూడా అల్లాగే ఉంటుంది. ఆ పోలిక పట్టుకొని, ఇదే దానికి విరుగుడు అని టిక్‌టాక్‌లో ఎవరో ఒక వీడియో పెట్టారు. ఉమ్మెత్త తింటే నోరెండిపోయి, కంటిపాపలు పెద్దవై, మతి చలిస్తుందని పల్లెటూళ్ళో ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది. ముసలమ్మనెవరూ అడగలేదు. వీడియో అరచేతిలో ఉన్నది, ముసలమ్మ అరుగు మీద ఉన్నది.

రెండవది 2021 మే నెలలో, నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో. అక్కడ ఆనందయ్యగారు పంచుతున్న మందు కోసం వేలాదిమంది బారులు తీరారు. ఆక్సిజన్ దొరక్క మనుషులు ప్రాణాలు విడుస్తున్న రోజులవి. ఆ మందుకోసం పరుగెత్తినవారిని వెక్కిరించడానికి నాకు నోరు రాదు. మా ఇంట్లోనే ఇద్దరు ప్రయాణమయ్యారు. జనసమ్మర్దం చూసి ప్రభుత్వం పంపిణీ ఆపించి, పరీక్షలు చేయించింది. మందులో హాని చేసేది కనబడలేదనీ, కోవిడును తగ్గిస్తుందనడానికి రుజువు మాత్రం లేదనీ తేలింది. మే 31న పంపిణీకి అనుమతించారు గాని, కంట్లో వేసే చుక్కలకు ఒప్పుకోలేదు. అసలు ఆ చుక్కల మూలంగానే ఊరికి అంత పేరు వచ్చింది. చుక్కలు పడిన కొద్ది నిమిషాలకే ఊపిరి ఆడిందని ఒక పెద్దాయన చెప్పిన వీడియో దేశమంతా తిరిగింది. మా గ్రూపులోకి అది ఏడుసార్లు వచ్చింది. కొద్దిరోజులకు ఆ పెద్దాయన ఆస్పత్రిలో కన్నుమూశారు. ఆ వార్త మా గ్రూపులోకి ఒక్కసారయినా రాలేదు.

వాట్సాప్‌వారు కూడా చూస్తూ ఊరుకోలేదు. 2018లో మన దేశంలో ఒక సందేశాన్ని ఒక విడతకు అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేశారు. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారిన సందేశమైతే ఒక విడతకు ఒక్కచోటికేనన్నారు. ఇల్లాంటివాటి మీద రెండు బాణం గుర్తులు కనబడతాయి. చాలా దూరం తిరిగి వచ్చిన సరుకని దానర్థం. మా బావగారు మాత్రం, ఇంతమంది పంపారంటే ఇది ఎంత నిజమై ఉండాలని అర్థం చేసుకున్నారు! కట్టడి వచ్చిన తరువాత ఆయన నలభై సార్లు విడివిడిగా పంపడం అలవాటు చేసుకున్నారు. రిటైరయిన మనిషి, తీరికకు లోటేమున్నది?

అయితే ఆయన్ను దారికి తెచ్చినది ఏ కంపెనీ కట్టడీ కాదు. ఏలూరులో ఆయనను చూసిన డాక్టరమ్మగారు. మేమందరం మంచం చుట్టూ చేరి ఆయనను తలా ఒక మాట అంటూ ఉంటే ఆవిడ మమ్మల్ని బయటకు పంపారు. ఆయన ఫోను అడిగి తీసుకొని, ఆయన పంపినవన్నీ పావుగంటసేపు చదివారు. 'మీకు నలుగురికీ మేలు చెయ్యాలని ఉన్నదండీ, అది నాకు అర్థమయింది' అన్నారు. అంతవరకు ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు. తరువాత ఆయనకు ఒక పని అప్పజెప్పారు. రోజూ పొద్దున్న మాత్ర వేసుకొని, అరగంట నడిచివచ్చి, కుర్చీలో అయిదు నిమిషాలు విశ్రాంతిగా కూర్చున్న తరువాత బీ.పీ. చూసుకొని ఆ అంకె గ్రూపులో పెట్టాలి. ఆరోగ్య సందేశమేదైనా పంపదలచుకుంటే ముందు ఆవిడకు పంపి అడగాలి. వారానికి రెండుమాత్రమే అడగవచ్చు.

మొదటి వారం ఆయన పదిహేడు పంపారట. రెండే చదివి జవాబిచ్చారావిడ. ఇప్పుడు మా గ్రూపులో పొద్దుటి సూర్యుడి పక్కన '132/82' అని ఒక అంకె ఉదయిస్తున్నది. ఆయన్ను చూసి మరో ఆరుగురు తమ అంకెలు పెట్టడం మొదలుపెట్టారు. బాబాయిగారు అన్నిటికీ 'సూపర్' అంటున్నారు. మొదటిసారిగా ఆ మాటకు తగిన చోటు దొరికింది.

కలుపుగోలు మనిషికి నలుగురి ఎదుట చేసే వైద్యం పట్టింది. మా మరదలికి అదే వైద్యం చేస్తే గంటకొకసారి బీ.పీ. చూసుకొని బెంగ పెట్టుకునేది. మా తమ్ముడికైతే ఆధారాలు చూపించాలి. ఒకే మాత్రను ముగ్గురి చేత వేయించడానికి మూడు దారులు. పాతకాలపు వైద్యుడు మన వీథిలోనే ఉండేవాడు గనుక ఎవడి తత్వం ఎల్లాంటిదో ఆయనకు తెలిసేది. ఇప్పటి డాక్టరుకు మనిషికి అయిదు నిమిషాలైనా దొరకడం లేదు. ఆ అయిదు నిమిషాల్లో మనిషిని చదవడానికి ఫోను పనికివస్తే రానివ్వండి.

ఫోను మంచికి పనికిరాలేదని నేను అనను. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఏ ఆస్పత్రిలో మంచం ఖాళీగా ఉన్నదో, ఏ ఊళ్ళో ఆక్సిజన్ సిలిండరు దొరుకుతుందో, ముక్కూ మొహం తెలియని కుర్రవాళ్ళు రాత్రింబవళ్ళు కనుక్కొని ట్విట్టరులోనూ వాట్సాప్‌లోనూ తెలియజేశారు. మా కాలేజీ విద్యార్థులు కొందరు ఆ పని చేశారు. క్లాసులో నోరు విప్పని పిల్ల ఒకతె మూడు జిల్లాల సిలిండర్ల జాబితా వేళ్ళమీద చెప్పేది. అందులోనూ ఒక తిరకాసు ఉన్నది. అప్పట్లో ప్లాస్మా కావాలని ఎన్ని విన్నపాలు తిరిగాయో మీకు గుర్తుండే ఉంటుంది. ప్లాస్మా వల్ల మరణాలు తగ్గలేదని మన దేశంలో జరిగిన పరీక్షే 2020లో తేల్చింది. 2021 మే 17న దాన్ని చికిత్సల జాబితానుంచి తీసివేశారు కూడా. మంచి మనసుతో పరుగెత్తిన కాళ్ళు కూడా ఒక్కొక్కప్పుడు దారి తప్పుతాయి.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. లాక్‌డౌన్ మొదలైన రోజునే, అంటే 2020 మార్చి 25న, కేంద్రప్రభుత్వం దూరవైద్యానికి నియమాలు ప్రకటించింది. వాటి ప్రకారం రిజిస్టరయిన డాక్టరు ఫోనులోగాని, వీడియోలోగాని, వాట్సాప్‌లోగాని రోగికి సలహా ఇవ్వవచ్చు, మందుచీటీ పంపవచ్చు. రోగిని కళ్ళారా చూడవలసిందే అనిపిస్తే రమ్మనమని చెప్పే బాధ్యత డాక్టరుదే. మత్తుమందుల తరగతికి చెందినవి అల్లా రాయకూడదు. ఈ-సంజీవని అనే ప్రభుత్వ సదుపాయం కూడా ఉన్నది. దానిని వాడుకోవడంలో ఆంధ్రప్రదేశ్ ముందువరుసలో నిలిచింది. అంటే, అడగదలచుకుంటే అదే ఫోనులో డాక్టరు కూడా ఉన్నాడన్నమాట. మనం ముందు చుట్టాలను అడుగుతాము.

ఎక్కువ మాట్లాడేవాళ్ళ సంగతి ఇది. మాట్లాడనివాళ్ళు ఉన్నారు.

2018లో ఫిలడెల్ఫియా నగరంలో కొందరు పరిశోధకులు ఆస్పత్రికి వచ్చిన 683 మంది రోగుల అనుమతి తీసుకొని, వారి ఫేస్‌బుక్కు రాతలనూ ఆస్పత్రి రికార్డులనూ పక్కపక్కన పెట్టి చూశారు. వారిలో 114 మందికి మానసికమైన కుంగుబాటు ఉన్నట్లు రికార్డులలో ఉన్నది. ఆ సంగతి డాక్టరు చీటీకెక్కడానికి సుమారు మూడునెలల ముందునుంచే రాతల్లో జాడలు కనిపించాయి. కన్నీళ్ళ మాటలు, ఒంటరితనం మాటలు, అన్నిటికంటే చిన్నదైన 'నేను' అనే మాట, ఇవన్నీ పెరిగాయి. ఇది రోగనిర్ధారణ కాదు, అనుమానించడానికి ఒక ఆధారం మాత్రమేనని గుర్తుంచుకోవాలి. పైగా వాళ్ళు అనుమతి తీసుకొని చదివారు. అనుమతి లేకుండా చదివేవాళ్ళూ లేకపోలేదు. ఫేస్‌బుక్కు వివరాలతో మనుషుల స్వభావాలు లెక్కగట్టి ఎన్నికల ప్రచారానికి వాడుకున్నారన్న గొడవ కూడా అదే 2018లో బయటపడింది. నా దిగులు కనిపెట్టి నన్ను డాక్టరు దగ్గరకు పంపే యంత్రమూ, నా దిగులు కనిపెట్టి నాకు సరుకు అమ్మే యంత్రమూ చూడడానికి ఒకటేలా ఉంటాయి. 2023లో మన పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం చేసింది. చట్టమున్నా, ఏ యంత్రానికి దేనికి ఒప్పుకుంటున్నామో చూసుకొని 'సరే' నొక్కేవాళ్ళు ఎంతమంది? నేనైతే చూడను.

కిందటి ఏడాది వేసవిలో కాకినాడలో ఒక పెళ్ళికి మా ఆవిడ వెళ్ళి, అత్తయ్యను చూసి, ఆ రాత్రి నాకు ఫోను చేసింది. 'మీ అత్తయ్యగారు సగమయిపోయారండీ' అన్నది. జాకెట్లు వదులై జారిపోతున్నాయి. అడిగితే 'బాగానే ఉన్నానమ్మా, వేసవి కదా' అన్నదట. మర్నాడు నీరసానికని చెప్పి ఆమెను డాక్టరు దగ్గరకు తీసుకుపోయింది. డాక్టరు ఏమడిగినా అత్తయ్య 'బాగానే ఉన్నా' తప్ప మరో మాట చెప్పలేదు. నిద్ర పడుతున్నదా? పడుతున్నది. అన్నం తింటున్నారా? తింటున్నాను. ఆయన కాసేపు ఊరుకొని, 'ఫోను చూస్తారామ్మా? మీవాళ్ళకు ఏమైనా పంపుతూ ఉంటారా?' అని అడిగారట. అత్తయ్య చేతిలోని ఫోను తానే ఆయనకు అందించింది.

సంక్రాంతి దాకా పువ్వులున్నాయి. తరువాత రెండు మూడు రోజులకొకటి. శివరాత్రి తరువాత పువ్వు లేదు. ఎక్కడినుంచో వచ్చిన తత్వాలు, బతుకు బుడగవంటిదనీ, వచ్చిన దారినే పోవలసినదనీ చెప్పే మాటలు, వాటి పక్కన ఆరిపోతున్న దీపం బొమ్మలు. డాక్టరు వాటిని చదవడంతో ఆగక, పక్కనున్న టైము చూశారు. రాత్రి రెండూ నలభై. మూడూ పది. రెండున్నర. నిద్ర బాగానే పడుతున్నదని చెప్పిన మనిషి నెలరోజులుగా తెల్లవారుజామున మేలుకొని కూర్చున్నది.

మా ఆవిడ ఆ సాయంత్రం నాకు ఈ సంగతి చెప్పిన తరువాత నేను నా ఫోను తీసి వెనక్కి తిప్పుకుంటూ పోయాను. అన్నీ ఉన్నాయి. నలభై ముగ్గురి ఫోనుల్లోనూ ఉన్నాయి. ప్రతి దాని కిందా చేతులు జోడించిన బొమ్మలు పన్నెండో పదిహేనో ఉన్నాయి. వాటిలో నాది కూడా ఉన్నది. ఒకదానికి 'చాలా బాగుంది అత్తయ్యా' అని రాశాను. పద్యంలో కవి చెప్పకుండా వదిలినదేమిటో పట్టుకోండర్రా అని పిల్లలకు ఇరవై ఏళ్ళుగా చెబుతున్నవాణ్ణి. 'చాలా బాగుంది అత్తయ్యా' అని రాశాను.

డాక్టరు ఫోను చూసి తీర్పు చెప్పలేదు. థైరాయిడ్ పరీక్ష చేయించారు, రక్తం చూశారు, మరో అరగంట మాట్లాడారు. అప్పటికి అత్తయ్య ఏడ్చింది. కుంగుబాటన్నారు. మందు ఇచ్చి, రెండు వారాల తరువాత రమ్మన్నారు. ఎప్పుడైనా మరీ తోచకపోతే పిలవడానికి టెలి-మానస్ నెంబరు 14416 ఒక చీటీ మీద రాసి ఇచ్చారు. ఇది 2022లో కేంద్రప్రభుత్వం పెట్టినది, ఏ వేళప్పుడైనా పలుకుతుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. రోజూ ఒకరు ఆమెను గుర్తుగా పలకరించాలని కూడా చెప్పారు. 'సందేశం కాదు, ఫోను' అని రెండుసార్లు అన్నారట.

ఎవరు చేస్తారని ఇంట్లో ఆలోచన వచ్చింది. హ్యూస్టన్ కొడుకుకు మన పగలు రాత్రి. నాకు ఎనిమిదింటికి క్లాసు. అత్తయ్యకు మొహమాటం ఎక్కువ, ఎవరైనా ఏమైనా అడిగితే 'బాగానే ఉన్నా' అంటుంది గనుక, ఆ మాట విని ఊరుకోనివాళ్ళు కావాలి. పదిసార్లు అడిగినా విసుగు లేనివాళ్ళు కావాలి. అటువంటి మనిషి మా కుటుంబంలో ఒక్కరే.

బావగారు రోజూ ఎనిమిదింటికి ఫోను చేస్తారు. మాత్ర వేసుకున్నారా, ఇడ్లీ ఎన్ని తిన్నారు, రాత్రి ఎన్నింటికి మెలకువ వచ్చింది అని లెక్క అడుగుతారు. మొదటి వారం అత్తయ్య ముక్తసరిగా మాట్లాడి పెట్టేసిందట. రెండో వారం ఆయన మీద విసుక్కున్నది. విసుక్కున్నదని ఆయన సంతోషంగా మాకు చెప్పారు. మూడో నెలలో ఒకరోజు ఫోను అరగంట పట్టింది.

మొన్న మార్చిలో ఒక ఆదివారం ఉదయం ఏడింటికి గ్రూపులో అత్తయ్య పేరు కనబడింది. పువ్వు ఫొటో కాదు. ఆకులు పసుపుపచ్చగా తిరిగిన మల్లెపొద. కింద, ఇన్నేళ్ళలో మొదటిసారిగా, ఆమె చేత్తో కొట్టిన రెండు మాటలు. 'మొగ్గ రాలేదు.' నేను చూసి, ఏమి రాయాలా అని ఆలోచిస్తూ ఉండగానే బావగారి దగ్గరనుంచి మల్లెపొదకు పదకొండు వైద్యాలు వచ్చిపడ్డాయి. వేపపిండి ఒకటి, బియ్యం కడిగిన నీళ్ళు ఒకటి. ఏవీ డాక్టరమ్మగారిని అడిగి పంపినవి కావు.